దగ్గే కుక్కకు ఇల్లే పదిలం

కుక్కలకూ ఫ్లూ వస్తుంది. వాటికంటూ ప్రత్యేకంగా ఫ్లూ వైరస్‌లు ఉన్నాయి. ఇరవై ఏళ్ల కిందటి వరకూ ఈ సంగతి శాస్త్రవేత్తలకే సరిగ్గా తెలియదు. ఇప్పుడు తెలిసింది కాబట్టి, ఆ జబ్బు ఎక్కడ పుట్టిందో, ఎలా పాకుతుందో, ఇంట్లోని మూగజీవిని దాన్నుంచి ఎలా కాపాడుకోవాలో పెంచుకునే ప్రతి ఒక్కరూ తెలుసుకోవాలి.

రాత్రి అందరూ పడుకోబోయే వేళ కుక్క ఉన్నట్టుండి దగ్గడం మొదలుపెడుతుంది. మెడ చాచి, నోరు తెరిచి, ఏదో కక్కబోతున్నట్టు ఆపసోపాలు పడుతుంది. చివర్లో కాస్త తెల్లటి నురగ పడుతుంది. ‘ఎముక ఇరుక్కుందేమో’ అని ఒకరు నోరు తెరిచి చూస్తారు. ‘చల్లగాలికి జలుబు చేసిందిలే’ అని మరొకరు దుప్పటి కప్పుతారు. తెలిసినవాళ్లకు ఫోన్ చేస్తే ‘పిల్లల దగ్గుమందు రెండు చెంచాలు పట్టండి’ అంటారు. తెల్లారాక రోజూలాగే గొలుసు తగిలించి పార్కుకు తీసుకెళ్తారు. అసలు ప్రమాదం అక్కడ మొదలవుతుంది.

అలాంటి దగ్గుకు కారణాలు చాలా. కెన్నెల్ కాఫ్ అనే అంటుదగ్గు కావచ్చు, డిస్టెంపర్ అనే వైరస్ జబ్బు కావచ్చు, వయసు మీదపడిన కుక్కయితే గుండెజబ్బూ కావచ్చు. ఆ జాబితాలో కొత్తగా చేరిన పేరు కుక్కల ఫ్లూ. ఏ జబ్బో తేలేలోపు దగ్గే కుక్కను నలుగురిలోకి తీసుకెళ్తే ఈ ఫ్లూ మిగతావాటికీ పాకుతుంది. దాని చరిత్రంతా చూస్తే సోకిన కుక్కలు మిగతావాటితో కలవడమే మళ్లీ మళ్లీ కనిపిస్తుంది.

గుర్రం నుంచి కుక్కకు

2004 జనవరి. అమెరికాలోని ఫ్లోరిడాలో పందెపు కుక్కల మైదానం. అక్కడి గ్రేహౌండ్ జాతి కుక్కలకు వరసగా జ్వరం, దగ్గు మొదలయ్యాయి. జబ్బుపడిన 22 కుక్కల్లో 8 చనిపోయాయి. కోసి చూస్తే వాటి ఊపిరితిత్తుల నిండా రక్తం. అంతకుముందు రోజు వరకూ గాలితో పోటీపడి పరుగెత్తిన కుక్కలు అంత వేగంగా ఎందుకు కూలిపోయాయో అక్కడివారికి అంతుపట్టలేదు.

ఫ్లోరిడా విశ్వవిద్యాలయ పశువైద్యురాలు సిండా క్రాఫర్డ్ ఆ గుట్టు విప్పే పని తలకెత్తుకున్నారు. సేకరించిన నమూనాలు కార్నెల్ విశ్వవిద్యాలయంలోని వైరస్ నిపుణుడు ఎడ్వర్డ్ డుబోవి ప్రయోగశాలకు చేరాయి. అందులో దొరికింది హెచ్3ఎన్8 అనే ఫ్లూ వైరస్. అది గుర్రాల్లో 1963 నుంచీ తిరుగుతున్నదే. అచ్చంగా గుర్రాల జబ్బనుకున్నది కుక్కల్లోకి దూకిందని 2005లో ‘సైన్స్’ పత్రిక ద్వారా ప్రపంచానికి తెలిసింది.

ఒక జాతి వైరస్ మరో జాతి జీవికి సోకడం అరుదేమీ కాదు. మామూలుగా అది ఆ ఒక్క జీవితోనే ఆగిపోతుంది. ఈ వైరస్ ఆగలేదు, కుక్క నుంచి కుక్కకు పాకడం అలవాటు చేసుకుంది. పైగా కుక్కలకు ఇది పూర్తిగా కొత్త. వాటి ఒంట్లో దీన్ని ఎదిరించే శక్తి లేదు. పందెపు కుక్కల్ని బండ్లలో ఎక్కించి ఊరూరూ తిప్పుతారు. వాటితోపాటే వైరస్ కూడా ప్రయాణించింది. ఏడాదిన్నర తిరక్కుండానే ఎన్నో రాష్ట్రాల మైదానాలకు పాకి, అక్కడి నుంచి అనాథ కుక్కల శరణాలయాల్లోకీ, పెంపుడు కుక్కల్ని ఉంచే బోర్డింగ్ కేంద్రాల్లోకీ చొరబడింది.

పక్షి నుంచి ఇంకొకటి

అమెరికా ఆ వైరస్‌తో తంటాలు పడుతున్న రోజుల్లోనే ఆసియాలో మరొకటి తల ఎత్తింది. దీని మూలం పక్షులు. పేరు హెచ్3ఎన్2. మనుషుల్లో తిరిగే ఫ్లూకీ ఈ పేరుంది కానీ రెండూ వేర్వేరు వైరస్‌లు. 2006-07 ప్రాంతంలో చైనా, దక్షిణ కొరియా కుక్కల్లో దీన్ని గుర్తించారు. 2012లో థాయిలాండ్‌లో కనిపించింది. 2015 వసంతంలో షికాగోలో ఒక్కసారిగా వెయ్యికి పైగా కుక్కలు దగ్గుతో ఆసుపత్రులకు చేరాయి. మొదట అందరూ పాత గుర్రపు ఫ్లూ అనే అనుకున్నారు. పరీక్షిస్తే ఆసియా రకమని తేలింది. మరుసటి ఏడాది షికాగోకు దగ్గరలోని ఇండియానాలో, ఓ శరణాలయంలోని పిల్లులకూ ఇదే వైరస్ సోకింది. 2021లో లాస్ ఏంజిలిస్ ప్రాంతంలో మళ్లీ పెచ్చరిల్లి, నిర్ధారణ అయినవీ అనుమానించినవీ కలిపి వెయ్యి కేసులు దాటాయి.

గుర్రాల నుంచి వచ్చిన హెచ్3ఎన్8 కొన్నేళ్లుగా అమెరికా కుక్కల్లో కనిపించడం లేదు. హెచ్3ఎన్2 మాత్రం పోయినట్టే పోయి మళ్లీ వస్తోంది. దీని వెనక ఓ లెక్క ఉంది. కుక్కలు గుంపుగా ఉన్నచోట ఫ్లూ చకచకా చుట్టేస్తుంది. సోకాల్సినవన్నిటికీ సోకాక, కొత్త కుక్కలు దొరక్కపోతే అక్కడే చచ్చిపోతుంది. ఆసియా నుంచి తెచ్చిన కుక్కలతో మరోసారి అడుగుపెడితే కథ మొదటికొస్తుంది. అంటే గుంపుల్లేనిచోట ఈ వైరస్‌కు బతుకు లేదు.

ఎలా అంటుకుంటుంది?

దగ్గినప్పుడు, తుమ్మినప్పుడు, మొరిగినప్పుడు కూడా గాల్లోకి తుంపరలు లేస్తాయి. వైరస్ వాటిలో ఉంటుంది. ఒకే గిన్నెలో నీళ్లు తాగినా, ఒకే బొమ్మను కొరికినా, ముక్కూ ముక్కూ రాసుకుని పలకరించుకున్నా సోకుతుంది. మనుషులూ దీన్ని మోస్తారు. జబ్బుపడ్డ కుక్కను నిమిరిన చేతులపై దాదాపు 12 గంటలు, బట్టలపై 24 గంటలు, గిన్నెలూ నేలా బోనుల మీద 48 గంటల వరకూ వైరస్ బతికి ఉండగలదు. గ్రూమింగ్ బల్ల మీద ఒక కుక్క తరవాత మరో కుక్కను నిలబెట్టే చోట ఈ అంకెలకు చాలా విలువుంది. ఊరట కలిగించే విషయం ఏమిటంటే ఇది మొండి వైరస్ కాదు. సబ్బునీళ్లకూ, బ్లీచింగ్ ద్రావణానికీ, మామూలు క్రిమిసంహారకాలకూ చచ్చిపోతుంది.

వైరస్ ఒంట్లో చేరిన రెండు నుంచి నాలుగు రోజులకు లక్షణాలు బయటపడతాయి. చిక్కంతా ఇక్కడుంది. దగ్గు మొదలవకముందే, అంటే కుక్క హుషారుగా ఆడుకుంటున్నప్పుడే, వైరస్ జోరుగా బయటికొస్తుంటుంది. సోకిన ప్రతి 5 కుక్కల్లో ఒకటి అసలు దగ్గనే దగ్గదు. చూడ్డానికి ఆరోగ్యంగా ఉంటూనే మిగతావాటికి అంటిస్తుంది. హెచ్3ఎన్2 సోకిన కుక్క కోలుకున్నాక కూడా, మొత్తం మీద 24 రోజుల వరకూ అడపాదడపా వైరస్‌ను విడుదల చేస్తూనే ఉంటుంది. అందుకే వారం రోజుల్లో దగ్గు తగ్గింది కదా అని పార్కుకు తీసుకెళ్లకూడదు. మూడు నుంచి నాలుగు వారాలు మిగతా కుక్కలకు దూరంగా ఉంచాలి.

మనుషుల ఫ్లూలా దీనికి సీజన్ లేదు. ఏ నెలలోనైనా రావచ్చు.

ఏ లక్షణాలు చూడాలి?

ఎక్కువ కుక్కల్లో ఇది ఓ మోస్తరు జబ్బుగానే వచ్చిపోతుంది. పొడిదగ్గు గానీ కఫంతో కూడిన దగ్గు గానీ రెండు మూడు వారాలు వేధిస్తుంది. ముక్కు కారుతుంది. మొదట నీళ్లలా ఉండి, తరవాత చిక్కటి పసుపుపచ్చ చీమిడిగా మారుతుంది. కళ్లు చెమరుస్తాయి. తిండి మీద ధ్యాస పోతుంది. పిలిస్తే తోక ఊపుతుంది కానీ లేచి రాదు.

కుక్క ఒంటి వేడి మామూలుగానే మనకన్నా ఎక్కువ, 101 నుంచి 102.5 డిగ్రీల ఫారన్‌హీట్. అందుకని చెయ్యి పెట్టి చూసి జ్వరమని తేల్చలేం. ముక్కు తడిగా ఉందా ఎండిందా అన్నదీ నమ్మదగ్గ గుర్తు కాదు. థర్మామీటర్ 103 దాటి చూపిస్తేనే జ్వరం.

కొన్నిటిలో జబ్బు ఊపిరితిత్తుల్లోకి దిగి న్యుమోనియా అవుతుంది. జ్వరం 104 దాటుతుంది, ఆయాసం వస్తుంది. వైరస్ గాయపరిచిన చోట బ్యాక్టీరియా కూడా చేరి పరిస్థితిని విషమం చేస్తుంది. మరణాలు 10 శాతం కన్నా తక్కువే. ఆ తక్కువలో కూనలు, ముసలి కుక్కలు, గుండె ఊపిరితిత్తుల జబ్బులున్నవి ముందుంటాయి. పగ్, షిట్జు, బుల్‌డాగ్ లాంటి చప్పిడి ముక్కు జాతులకు శ్వాసదారి పుట్టుకతోనే ఇరుకు. మన నగరాల్లో అపార్ట్‌మెంట్లలో వీటినీ ముద్దుగా పెంచుకుంటారు. వాటి విషయంలో ‘చూద్దాంలే’ అనుకోవడం అసలు పనికిరాదు.

వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాల్సిన గుర్తులు

* నిద్రలో ఉన్నప్పుడు నిమిషానికి 30 సార్లకు మించి శ్వాస తీసుకోవడం. ఛాతీ ఎన్నిసార్లు పైకి లేస్తోందో గడియారం చూస్తూ లెక్కపెట్టండి.
* పొట్ట ఎగరేస్తూ, మెడ చాచి గాలి పీల్చడం.
* చిగుళ్లు, నాలుక పాలిపోవడం లేదా నీలంగా మారడం.
* ఒక రోజంతా ఏమీ తినకపోవడం, నీళ్లు కూడా ముట్టకపోవడం.
* జ్వరం 104 డిగ్రీలకు చేరడం.

ఆసుపత్రికి వెళ్లేముందు ఒక ఫోన్ చెయ్యండి. ‘మా కుక్క దగ్గుతోంది, లోపలికి తీసుకురమ్మంటారా, బయటే ఉండమంటారా’ అని అడగండి. వేచిచూసే గదిలో టీకా కోసం వచ్చిన రెండు నెలల కూనలు ఉంటాయి. మీ వంతు వచ్చేదాకా కుక్కను కారులోనో ఆటోలోనో ఉంచితే వాటిని కాపాడినవాళ్లవుతారు. కారులో ఉంచితే పక్కనే మనిషి ఉండాలి, గాలి ఆడాలి.

ఏ దగ్గో తేల్చేది పరీక్షే

కెన్నెల్ కాఫ్ దగ్గు గట్టిగా, బాతు అరిచినట్టు ఉంటుంది. కుక్క మిగతావేళ హుషారుగానే తిరుగుతుంది. డిస్టెంపర్‌లో ముక్కూ కళ్లూ కారడం, జ్వరంతో మొదలై విరేచనాలు, ఆ తరవాత వణుకు, ఫిట్స్ వరకూ వెళ్లవచ్చు. టీకాలు పడని కూనల విషయంలో ముందుగా అనుమానించాల్సింది దీన్నే. అయితే తొలి రోజుల్లో ఫ్లూతో కలిపి ఈ మూడూ దాదాపు ఒకేలా కనిపిస్తాయి. చూడగానే ఇది ఫ్లూ అని చెప్పడం ఎంత అనుభవమున్న డాక్టర్‌కైనా సాధ్యం కాదు.

తేల్చేది పీసీఆర్ పరీక్ష. ముక్కులోంచి, గొంతులోంచి దూదిపుల్లతో నమూనా తీస్తారు. జబ్బు మొదలైన మూడు నాలుగు రోజుల్లోపే తీయాలి. ఆలస్యమైతే వైరస్ ఉన్నా చిక్కకపోవచ్చు. ఒకే బోర్డింగ్ నుంచో, ఒకే అపార్ట్‌మెంట్ నుంచో నాలుగైదు కుక్కలు దగ్గుతూ వచ్చాయంటే పరీక్ష అడిగి చేయించుకోవాలి. ఫ్లోరిడాలో ఆ వైరస్ దొరికింది కూడా మామూలు దగ్గేలే అని వదిలెయ్యకుండా ఒకరు నమూనాలు పంపబట్టే. మన దగ్గర రాజేంద్రనగర్‌లో పీవీ నరసింహారావు తెలంగాణ పశువైద్య విశ్వవిద్యాలయం, తిరుపతిలో శ్రీ వేంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయం ఉన్నాయి. గుంపుగా కుక్కలు జబ్బుపడితే నమూనాలు ఎక్కడికి ఎలా పంపాలో మీ డాక్టర్ వాటిని సంప్రదించి తెలుసుకోవచ్చు.

ఇంట్లో ఏం చేయాలి, ఏం చేయకూడదు

ఈ ఫ్లూకు సూటిగా పనిచేసే మందు లేదు. ఒళ్లే వైరస్‌ను ఓడించాలి. మనం చేయాల్సింది ఆ ఒంటికి బలం ఇవ్వడం. గాలి ఆడే గదిలో వెచ్చగా పడుకోనివ్వండి. నీళ్లు దగ్గరే పెట్టండి. తిండి మానేస్తే ఉప్పు, మసాలా, ఉల్లిపాయ లేకుండా చికెన్ ఉడికించిన నీళ్లతో అన్నం మెత్తగా కలిపి, గోరువెచ్చగా పెట్టండి. ముక్కు బిగిసిన కుక్క వాసన తగలకపోతే తినదు. వెచ్చటి తిండికి వాసన ఎక్కువ. ముక్కు చుట్టూ ఎండిన చీమిడిని తడిగుడ్డతో తుడవండి. మెడపట్టీ తీసేసి ఛాతీకి కట్టే హార్నెస్ వాడండి. గొంతు మీద ఒత్తిడి తగ్గితే దగ్గూ తగ్గుతుంది.

అన్నిటికన్నా ముఖ్యం, మన మందుల డబ్బా తెరవకండి. మనం జ్వరానికి వేసుకునే పారాసెటమాల్ కుక్క కాలేయాన్నీ రక్తాన్నీ దెబ్బతీస్తుంది. పిల్లికైతే ఒక్క మాత్రే ప్రాణాంతకం. ఐబుప్రొఫెన్ కడుపులో పుండ్లు చేసి కిడ్నీలను పాడుచేస్తుంది. కొన్ని దగ్గుమందుల్లో తీపి కోసం కలిపే జైలిటాల్ కుక్కలకు విషం. ఛాతీకి, ముక్కుకు బామ్ రాయడమూ ప్రమాదమే. అందులోని కర్పూరాన్ని కుక్క నాకేస్తుంది. యాంటీబయాటిక్ వైరస్ మీద పనిచేయదు. న్యుమోనియా అనుమానం ఉంటే డాక్టరే రాస్తారు.

ఇంట్లో రెండు మూడు కుక్కలుంటే జబ్బుపడ్డదాన్ని వేరే గదిలో పెట్టి, గిన్నెలూ పరుపూ వేరు చేయండి. ఆరోగ్యంగా ఉన్నవాటి పని ముందు చూసుకుని, జబ్బుదాని దగ్గరికి చివర్లో వెళ్లండి. వచ్చాక చేతులు కడుక్కుని బట్టలు మార్చుకోండి. పిల్లుల్నీ దూరంగా ఉంచండి.

టీకా ఉందా?

ఉంది. అమెరికాలో హెచ్3ఎన్8కు 2009లో, హెచ్3ఎన్2కు 2015లో టీకాలకు అనుమతి వచ్చింది. ఇప్పుడు రెండిటికీ కలిపి ఒకే టీకా దొరుకుతోంది. రెండు నుంచి నాలుగు వారాల తేడాతో రెండు డోసులు, ఆపైన ఏడాదికోసారి. టీకా వేస్తే జబ్బు అసలే రాదని కాదు. వచ్చినా తేలిగ్గా పోతుంది, ఊపిరితిత్తులు అంతగా దెబ్బతినవు, వైరస్ విడుదల తగ్గుతుంది. అమెరికాలో స్థిరపడ్డ తెలుగు కుటుంబాలు సెలవులకు ఇండియా వచ్చేముందు కుక్కను బోర్డింగ్‌లో వదలాల్సి వస్తుంది. రెండో డోసు పడిన రెండు వారాలకు గానీ పూర్తి రక్షణ రాదు. కాబట్టి విమానం టికెట్లు కొన్నప్పుడే టీకా తేదీలూ చూసుకోవాలి.

మన దగ్గర కుక్కలకు మామూలుగా వేసే టీకాల జాబితాలో ఈ ఫ్లూ టీకా లేదు. టీకా కార్డులో పారాఇన్‌ఫ్లుయెంజా అని ఉంటుంది. అది వేరే వైరస్. దాన్ని చూసి ఫ్లూకీ రక్షణ ఉందని అనుకోకూడదు. అలాగని ఆ టీకాలను తక్కువ చేయడమూ తప్పే. డిస్టెంపర్, పార్వో, రేబిస్, కెన్నెల్ కాఫ్ టీకాలు వేళకు పడిన కుక్కకు ఆ జబ్బుల నుంచి రక్షణ ఉంటుంది.

చికెన్ వేస్ట్ పచ్చిగా పెట్టొద్దు

తెలుగు రాష్ట్రాలు ఇంకో ఫ్లూ విషయంలో మరింత జాగ్రత్తపడాలి. అది హెచ్5ఎన్1, బర్డ్‌ఫ్లూ. 2004లో థాయిలాండ్‌లో జబ్బుపడ్డ బాతును తిన్న కుక్క దీంతో చనిపోయింది. 2023లో కెనడాలో అడవి పెద్దబాతును కొరికిన పెంపుడు కుక్కదీ అదే గతి. 2024 డిసెంబరులో అమెరికాలోని ఒరెగాన్‌లో పచ్చి మాంసంతో చేసిన ఆహారం తిన్న పెంపుడు పిల్లి ప్రాణం విడిచింది.

2025 ఫిబ్రవరిలో తూర్పు, పశ్చిమ గోదావరి జిల్లాల కోళ్ల ఫారాల్లో ఇదే వైరస్ నిర్ధారణ అయింది. మరుసటి నెలలో ఆంధ్రప్రదేశ్‌లో ఓ చిన్నారిని బలితీసుకుంది. మన ఊళ్లలో కుక్కల కోసం చికెన్ షాపు నుంచి తలలు, కాళ్లు, స్కిన్ తక్కువ ధరకు తెచ్చుకోవడం మామూలే. తెచ్చుకోండి, కానీ పూర్తిగా ఉడికించాకే పెట్టండి. 70 డిగ్రీల సెల్సియస్ వేడికి ఈ వైరస్ చచ్చిపోతుంది. శుభ్రం చేసేటప్పుడు కింద పడ్డ పచ్చి ముక్కను కుక్కకు విసరకండి. చనిపోయిన కాకినో కోడినో కుక్క నోట కరుచుకోకుండా చూడండి. కోళ్లు చనిపోతున్న ఊళ్లో కళేబరాలను బయట పారేయకుండా లోతుగా పూడ్చాలి, పశుసంవర్ధక శాఖకు చెప్పాలి. వాటిని పీక్కుతినే వీధికుక్కలూ మనలాగే ఈ ఊరివే.

మనకూ అంటుతుందా?

కుక్కల ఫ్లూ మనిషికి సోకిన దాఖలా ఇప్పటివరకూ ఒక్కటీ లేదు. జ్వరంతో ఉన్న కుక్కను నిమరడానికి భయపడక్కర్లేదు, భయంతో వీధిలో వదిలేయడం అన్యాయం. రివర్సులో మాత్రం జరిగింది. 2009లో స్వైన్‌ఫ్లూ ప్రబలినప్పుడు, న్యూయార్క్ రాష్ట్రంలో మనుషుల హెచ్1ఎన్1 వైరస్ ఓ పెంపుడు కుక్కకు సోకింది. మనకు ఫ్లూ వస్తే నాలుగు రోజులు కుక్కను పక్కలో పడుకోబెట్టుకోకపోవడం మంచిది.

శాస్త్రవేత్తలు కన్నేసి ఉంచింది భవిష్యత్తు మీద. చైనా వ్యవసాయ విశ్వవిద్యాలయ పరిశోధకులు కొన్నేళ్లపాటు వేలాది కుక్కల నమూనాలు పరీక్షించి 2023లో ఫలితాలు ప్రచురించారు. కుక్కల్లో తిరిగే హెచ్3ఎన్2 కాలం గడిచేకొద్దీ మనిషి కణాలకు అతుక్కునే గుణాన్ని పెంచుకుంటోందని అందులో తేలింది. కుక్క మనిషికి ఎంత దగ్గరగా బతుకుతుందో అందరికీ తెలుసు. దాని ఊపిరిని కాపాడటం మన ఇంటి ఆరోగ్యానికీ అవసరమే.

బోర్డింగ్‌లో వదిలేముందు

సంక్రాంతికి, దసరాకు, వేసవి సెలవులకు హైదరాబాద్ సగం ఖాళీ అవుతుంది. బోర్డింగ్ కేంద్రాలు కిటకిటలాడతాయి. రకరకాల ఇళ్ల నుంచి వచ్చిన కుక్కలు ఒకేచోట చేరే రోజులవి. అద్దె ఎంత అని అడిగేముందు ఈ ప్రశ్నలు అడగండి.

* టీకా కార్డు చూడకుండానే చేర్చుకుంటారా? చేర్చుకుంటామంటే వెనక్కి వచ్చేయండి.
* దగ్గే కుక్కను విడిగా ఉంచడానికి గది ఉందా?
* ఒక్కోదానికి విడి గిన్నెలేనా? బోనులు ఏ మందుతో, రోజుకు ఎన్నిసార్లు కడుగుతారు?
* పిలిస్తే వచ్చే డాక్టర్ ఉన్నారా?

ఇంటికి తెచ్చాక నాలుగైదు రోజులు గమనించండి. దగ్గితే ఆ కేంద్రానికీ, అక్కడ పరిచయమైన మిగతావాళ్లకూ చెప్పండి. అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో ‘మా కుక్క దగ్గుతోంది, మూడు వారాలు కిందికి తీసుకురాం’ అని ఒక్క మాట రాస్తే ఎన్నో కుక్కలకు మేలు. ఇందులో దాచుకోవాల్సిందీ సిగ్గుపడాల్సిందీ ఏమీ లేదు. కేంద్రాలు నడిపేవారూ, గ్రూమర్లూ ఇలాగే జాగ్రత్తపడాలి. దగ్గే కుక్కను చేర్చుకోబోమని చెబితే ఒక గిరాకీ పోతుంది. చేర్చుకుంటే నమ్మి వదిలిన కుక్కలన్నిటికీ ప్రమాదమే.

ఈ ఫ్లూను ఆపడానికి టీకా అందుబాటులో ఉంటే మంచిదే. అది లేనిచోట కూడా కుక్కను పెంచేవారి చేతిలో ఒక ఆయుధం ఉంది, దానికి పైసా ఖర్చు లేదు. మీ కుక్క దగ్గిన రోజున దాన్ని ఇంట్లోనే ఉంచండి, డాక్టర్‌కు ఫోన్ చేయండి, పక్కింటి కుక్కను పెంచేవాళ్లకు చెప్పండి. తన ఒంట్లో బాగాలేదని అది నోరు తెరిచి చెప్పలేదు. దాని తరఫున చెప్పాల్సింది మీరే.